బీటు వెనకాల మనిషి ఉన్నట్టేనా? 2024లో నేను వదలకుండా విన్న ఆల్బమ్‌లు

నేను హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీర్‌ని. ఒక్క ముక్కలో చెప్పాలంటే గొంతులు శుభ్రం చేసే పని. ఆర్టిస్ట్ డైలాగ్ చెబుతుంటే మధ్యలో పీల్చే ఊపిరి, పెదాలు విడివడే చప్పుడు, చేతిలో కాగితం గరగర, ఇవన్నీ కోసేసి, మిగిలిన మాటని తెర మీది పెదాలకి కుదిరేలా అటూ ఇటూ జరుపుతాను. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తే ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరి పాట విన్నా నాకు ముందు తెలిసేది పాట కాదు, అందులోంచి ఏం తీసేశారన్నది.

డిసెంబర్ వస్తే అందరూ లిస్టులు వేస్తారు. టాప్ టెన్, టాప్ ఫిఫ్టీ, స్టార్లు, మార్కులు. నాకు అంత లెక్క చేతకాదు. ఈ ఏడాది వచ్చిన పాప్, ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లలో మళ్లీ మళ్లీ వేసుకున్నవి కొన్ని, ఎంతో ఆశపడి విని చప్పబడిపోయినవి కొన్ని. అన్నిటినీ ఒకటే ప్రశ్న అడిగాను: ఇంత మెషీన్ చప్పుడు వెనకాల మనిషి ఉన్నట్టు తెలుస్తోందా? గొంతు ఉండాలని రూలేం లేదు. ఒక్క మాట లేకుండానే మనిషి తెలిసిపోయే రికార్డులున్నాయి. పాట నిండా మాటలే ఉన్నా ఇంట్లో ఎవరూ లేనట్టుండేవీ ఉన్నాయి.

మొదటి స్థానం గురించి మాత్రం నాకు డౌటే లేదు. చార్లీ ఎక్స్‌సీఎక్స్ ‘బ్రాట్’. జూన్ 7న వచ్చింది. కవర్ మీద ఆమె ఫొటో లేదు. కళ్లు చెదిరే ఆకుపచ్చ, మధ్యలో కాస్త అలుక్కుపోయినట్టున్న నల్లటి చిన్న అక్షరాలు, అంతే. మా స్టూడియో అసిస్టెంట్ కుర్రాడు నా ఫోన్‌లో చూసి, “అక్కా, నెట్ స్లోగా ఉన్నట్టుంది, బొమ్మ ఇంకా లోడ్ అవలేదు” అన్నాడు.

చార్లీ కొత్తమ్మాయేం కాదు. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ వైపు పెరిగింది. వాళ్లమ్మది ఉగాండాలో స్థిరపడిన గుజరాతీ కుటుంబం. 2012లో ఐకోనా పాప్‌తో కలిసి ‘ఐ లవ్ ఇట్’, 2014లో ‘బూమ్ క్లాప్’ పెద్ద హిట్లు. ఆ తర్వాత ఆమె దారి మార్చింది. ఏ. జి. కుక్, సోఫీ లాంటి ప్రొడ్యూసర్లతో చేరి, రేకుల్ని సుత్తితో కొట్టినట్టుండే విచిత్రమైన పాప్ చేయడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి పదేళ్లుగా పాప్ ప్రపంచం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, పూర్తిగా లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు. ‘బ్రాట్’ అంతా ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి మనసే.

పైపైన వింటే ఇది పక్కా క్లబ్ ఆల్బమ్. ‘క్లబ్ క్లాసిక్స్’, ‘వాన్ డచ్’, చివర్లో వచ్చే ‘365’, ఇవి మంచి స్పీకర్లలో వేస్తే కిటికీ అద్దాలు అదురుతాయి. కిక్ డ్రమ్ పొడిగా, ముక్కుసూటిగా ఉంటుంది. రివర్బ్‌తో, అంటే గదిలో మోగినట్టుండే ప్రతిధ్వనితో, మెత్త చేసి అందంగా కనిపించాలన్న ఆత్రం లేదు. ఆమె గొంతు మీద ఆటోట్యూన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) ఉంది. తప్పు దాచడానికి కాదు, ఉందని కనపడటానికే పెట్టారు. నేను రోజూ చేసేదానికి ఇది తలకిందుల పని. మేం మెషీన్ వాడి మెషీన్ వాడలేదనిపించాలి. ఈమె మెషీన్‌ని ముఖం మీద పెట్టుకుని, దాని వెనక నుంచి ఎవరూ బయటికి చెప్పుకోనివి చెప్పేస్తుంది.

ఆ చెప్పేవి చూడండి. ‘సింపతీ ఈజ్ ఎ నైఫ్’లో ఇంకో అమ్మాయిని చూస్తే తనకి కలిగే కుళ్లు. ‘ఐ మైట్ సే సమ్‌థింగ్ స్టుపిడ్’లో పార్టీకి పిలిచారు కానీ ఇక్కడ నాకేం పని అన్న బెరుకు. ‘రివైండ్’లో ఇదివరకు ఇలా లెక్కలు, చార్టులు చూసుకుని బాధపడేదాన్ని కాదే అన్న దిగులు. నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ‘ఐ థింక్ అబౌట్ ఇట్ ఆల్ ద టైమ్’. స్టాక్‌హోమ్‌లో స్నేహితుల ఇంటికి వెళ్తుంది, వాళ్లకి కొత్తగా బిడ్డ పుట్టింది. ఆ బిడ్డని చూసి, నాకూ కావాలా, టైమ్ అయిపోతోందా, పిల్లలు పుడితే నా పాటలు ఏమవుతాయి అని తనలో తనే గొణుక్కుంటుంది. మన దగ్గర ముప్ఫై దాటిన ఆడపిల్ల ఏ ఫంక్షన్‌కి వెళ్లినా “ఏమ్మా, ఏమన్నా విశేషమా?” అని పదిమంది అడుగుతారు. ఇక్కడ అడిగేవాళ్లెవరూ లేరు, ఆమే తనని అడుక్కుంటోంది. దాని వెంటనే ‘365’, అంటే తెల్లారే దాకా ఆగని పార్టీ పాట. జవాబు దొరక్క మళ్లీ డాన్స్ ఫ్లోర్‌కి పారిపోయినట్టు. ఈ వరస తెలిసి పెట్టిందే. షఫుల్‌లో వింటే ఇది పోతుంది. దయచేసి షఫుల్ ఆపండి.

‘సో ఐ’ గురించి విడిగా చెప్పాలి. ఇది సోఫీ కోసం రాసిన పాట. సోఫీ 2021 జనవరిలో ఏథెన్స్‌లో ప్రమాదంలో చనిపోయింది. 2016లో చార్లీ ‘వ్రూమ్ వ్రూమ్’ చేసింది ఆమెతోనే. మామూలుగా పోయినవాళ్ల మీద పాటంటే పొగడ్తలుంటాయి. ఇందులో ఉన్నది వేరు: నువ్వు పిలిచినా నేను ఏదో సాకు చెప్పి వెళ్లిపోయేదాన్ని, నీ ముందు నేను చిన్నగా అనిపించేదాన్ని, దగ్గరికి రాలేదు. ఇంత సూటిగా పశ్చాత్తాపం చెప్పిన పాప్ పాట నేను ఈమధ్య వినలేదు. దాని అడుగున బీటు కూడా లేదు దాదాపు. సింథ్ (కీబోర్డు లాంటి ఎలక్ట్రానిక్ వాద్యం) ఒక్కటే మెల్లగా ఉబ్బుతూ ఉంటుంది.

తర్వాత జరిగిన కథ ఆల్బమ్‌ని ఇంకా పెద్దది చేసింది. ‘గర్ల్, సో కన్ఫ్యూజింగ్’ అని ఒక పాటుంది. నువ్వు నా స్నేహితురాలివా కాదా, నిన్ను చూస్తే నాకు అర్థం కాదు అని ఇంకో గాయని గురించి. ఎవరు ఎవరు అని జనం ఊహాగానాలు చేస్తుండగా, రెండు వారాలకి, జూన్ 21న, ఆ గాయనే వచ్చి అదే పాటలో జవాబు పాడింది. న్యూజిలాండ్ అమ్మాయి లార్డ్. పిలిచినప్పుడల్లా ఎందుకు రాలేదో, తన ఒంటి మీద తనకే ఎంత అసహ్యముండేదో చెప్పింది. పెళ్లింట్లో ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా తిరిగిన ఇద్దరు వదినా మరదళ్లు అందరి ముందూ ఒకరి మనసులో మాట ఒకరు చెప్పేసుకున్నట్టుంది. ఆ రీమిక్స్ విన్నాక ఒరిజినల్ నాకు సగం పాటలా అనిపిస్తుంది.

అక్టోబర్‌లో రీమిక్సులన్నీ కలిపి ఒక మొత్తం ఆల్బమే వదిలారు. అందులో సగం స్నేహితుల్ని పిలిచి పెట్టిన హాజరు పట్టీ. కానీ అమెరికన్ గాయని కేరొలైన్ పోలచెక్‌తో చేసిన ‘ఎవ్రీథింగ్ ఈజ్ రొమాంటిక్’ ఒక్కటీ వదలకండి. ఇటలీ ఎండల్లో మొదలైన పాటని లండన్ వానలోకి తెచ్చారు, ఇద్దరు ఫోన్లో మాట్లాడుకుంటున్నట్టు. ఇక జూలై, ఆగస్టుల్లో ఆ పచ్చరంగు అమెరికా ఎన్నికల ప్రచారం దాకా పాకింది. సెప్టెంబర్‌కి నాకు ఆ రంగు చూస్తేనే మొహం మొత్తింది. ఆల్బమ్ తప్పేం లేదు అందులో.

సోఫీ మాట వచ్చింది కాబట్టి, ఆమె పేరుతోనే ఒక ఆల్బమ్ సెప్టెంబర్ చివర్లో వచ్చింది. ఆమె వదిలి వెళ్లిన పనిని ఆమెతో కలిసి పనిచేసిన సోదరుడు బెనీ లాంగ్ పూర్తి చేశాడు. నేను చాలా ఆశపడ్డాను. విన్నాక ఏమనాలో తెలీక ఊరుకున్నాను. మా పనిలో ఒక్కోసారి నటుడు సినిమా డబ్బింగ్ చెప్పకుండానే పోతారు. షూటింగ్‌లో రికార్డయిన లొకేషన్ ట్రాక్‌లోంచి పనికొచ్చే మాటలు ఏరి అతికించడం, కుదరని చోట ఇంకొకరి చేత చెప్పించడం చేస్తాం. ఎంత జాగ్రత్తగా చేసినా, ఆయనే ఉండి ఉంటే ఇక్కడ ఒక టేక్ ఎక్కువ అడిగేవారు అని అనిపిస్తూనే ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో అలాంటి చోట్లు ఎక్కువ. సోఫీ రికార్డుల్లో చప్పుడు ఎప్పుడు విరుగుతుందో తెలియదు, ఆ భయంలోనే మజా. ఇక్కడ విరగాల్సిన చోట విరగదు. ప్రేమతో చేశారని తెలుస్తుంది. మళ్లీ వేసుకోవాలనిపించలేదు.

బిల్లీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’ మే 17న వచ్చింది. పది పాటలు. ముందు సింగిల్ ఒక్కటీ వదల్లేదు, మొత్తం ఒకేసారి. మన సినిమాలకి ఫస్ట్ సింగిల్, దానికో ప్రోమో, ఆ ప్రోమో వస్తోందని ఒక పోస్టర్, రిలీజ్ నాటికి అన్ని పాటలూ పాతబడిపోయి థియేటర్లో కాఫీకి లేస్తాం. కాబట్టి ఈ ఒక్క పనికే ఆమెకి నా తరఫున ఒక నమస్కారం.

అన్న ఫినియస్‌దే ప్రొడక్షన్, ఎప్పట్లాగే. 2019లో వాళ్ల మొదటి ఆల్బమ్ ఇంట్లో పడకగదిలో రికార్డ్ చేసినప్పటి నుంచి ఈ ఇద్దరి పని మీద నాకు వృత్తిపరమైన అసూయ ఉంది. ఆమె మైకుకి ఎంత దగ్గరగా పాడుతుందంటే, నోట్లో తడి కూడా వినపడుతుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ వినపడుతుంది. నా చేతికి ఈ ట్రాక్ ఇచ్చి ఉంటే సగం కోసేసేదాన్ని. ఫినియస్ కోయడు. పైగా ఆ ఊపిరిని తాళంలో కలిపేస్తాడు. ‘స్కిన్నీ’ చివర్లో అటాకా క్వార్టెట్ వాయించిన తీగల వాద్యాలు వచ్చే దాకా దాదాపు ఆ ఊపిరి మీదే పాట నడుస్తుంది.

ఇందులో ఎలక్ట్రానిక్ ఎక్కడుంది అంటారా? ‘లామూర్ డి మా వీ’ వినండి. మొదట ఏదో హోటల్ లాబీలో పాత జాజ్ పాడుతున్నట్టు, పోయిన ప్రేమికుడి మీద కాస్త జాలి, కాస్త వెటకారం. సగం దాటాక నేల ఊడిపోయినట్టు పాట మారిపోయి వేగమైన సింథ్ పరుగు మొదలవుతుంది, గొంతు పూర్తిగా మెషీన్ గొంతు అయిపోతుంది. జాలి పోయి వెటకారం ఒక్కటే మిగిలిందన్నమాట. ‘చిహిరో’లో బేస్ లైన్ మొదటి నుంచి ఒకటే. దాని చుట్టూ సింథ్ ఎంత మెల్లగా పెరుగుతుందంటే, ఎక్కడ పెద్దదయిందో పట్టుకోలేం. మా అమ్మాయికి ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ ఒక్కటే కావాలి, కార్ ఎక్కితే అదే. మంచి పాటే. కానీ నన్నడిగితే ‘ద గ్రేటెస్ట్’ ముందు అది చిన్నపిల్ల. ఎప్పుడూ గుసగుసలాడే మనిషి చివరి నిమిషాల్లో నిండు గొంతుతో అరుస్తుంది. ఇన్నేళ్లూ ఈమెకి అరవడం రాదనుకున్నవాళ్లకి అక్కడ జవాబు దొరుకుతుంది. ఒక్క ఫిర్యాదు. ‘బిటర్‌స్వీట్’, ‘బ్లూ’, రెండూ మధ్యలో రూపు మార్చుకునే పాటలే, ఒకదాని వెనక ఒకటి. మూడోసారికి ఆ ఎత్తు ముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసిన ఆల్బమ్. మొదటి స్థానం కాదు, రెండోదీ కాదు, అసలు ఇష్టమా కాదా అన్నదే తేల్చుకోలేదు. కారిబూ ‘హనీ’, అక్టోబర్ 4న వచ్చింది. కారిబూ అంటే డాన్ స్నెయిత్, కెనడా మనిషి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో గణితంలో పీహెచ్‌డీ చేసినవాడు. 2020లో ‘సడెన్లీ’ ఆల్బమ్‌లో ప్రతి పాటలోనూ తన సొంత గొంతే. సన్నగా, బెదురుగా, పక్కింటాయన మేడ మీద పాడుకుంటున్నట్టుండే గొంతు. దాని కోసమే నేను ఆయన్ని వినడం మొదలుపెట్టాను.

‘హనీ’లో ఆ గొంతు చాలా చోట్ల కనపడదు. ఆడగొంతులు వినపడతాయి, చిన్నపిల్లలా ఉన్న గొంతులు వినపడతాయి. అవన్నీ ఆయనవే. తనే పాడి, ఏఐతో వేరే మనుషుల గొంతులుగా మార్చాడు. దాచలేదు, తనే చెప్పాడు.

ఈ గొంతుల గొడవ మన దగ్గరా ఈ ఏడాదే నడిచింది. ‘లాల్ సలామ్’ పాటకి చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతుల్ని ఏఐతో వాడుకున్న రెహమాన్, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు. దాదాపు అదే రోజుల్లో, బాలుగారి గొంతుని అడక్కుండా ఏఐతో వాడుకున్నారంటూ ఎస్పీ చరణ్ ఒక తెలుగు సినిమా వాళ్లకి లీగల్ నోటీసు పంపారు. మా స్టూడియోలో టీ టైమ్‌లో రోజూ ఇదే చర్చ. డబ్బింగ్ ఆర్టిస్టులకి ఇది కబుర్లు కాదు, ఇంటద్దె.

ఆ మాటకొస్తే ఒకరి ముఖానికి ఇంకొకరి గొంతు పెట్టే పనిలో బతికే నేను ఏ మొహంతో స్నెయిత్‌ని తప్పు పడతాను? మన హీరోయిన్లలో ఎంతమంది సొంత గొంతుతో మాట్లాడారు? నిజమే. కానీ ఆ గొంతు వెనకాల ఇంకో అమ్మాయి ఉంటుంది. మైకు ముందు నిలబడి, హీరోయిన్ ఏడిస్తే తనూ ఏడ్చి, కళ్లు తుడుచుకుని, పేమెంట్ తీసుకుని ఇంటికి వెళ్తుంది. ‘కమ్ ఫైండ్ మీ’ వింటున్నప్పుడు ఆ ఆడగొంతు నాకు చాలా నచ్చింది. ఎవరబ్బా ఈ అమ్మాయి అని వెతికితే ఎవరూ లేరు. ఊపిరి ఉంది, అది స్నెయిత్‌ది. గొంతు రంగు ఎవరిదీ కాదు. ఆయన వైపు నుంచి చూస్తే ఇది మేకప్ వేసుకుని వేషం కట్టడమే. తన ఊపిరి, తన పదాలు, తన సాగదీతలే కదా అంటాడు. ‘బ్రోక్ మై హార్ట్’ లాంటి పాటల్లో నేను ఒప్పుకుంటాను. ‘క్యాంప్‌ఫైర్’లో ర్యాప్ మొదలయ్యే చోట మాత్రం ఒప్పుకోలేను. అక్కడ వేషం కాదు, ఎవరి బతుకునో అడక్కుండా తొడుక్కున్నట్టుంది.

ఇంత తిట్టాక కూడా టైటిల్ పాట ‘హనీ’ వస్తే నా చేయి వాల్యూమ్ పెంచుతుంది. అందులో గొంతు ముక్క ముక్కలే కాబట్టి తగాదా లేదు. బేస్ దిగే ముందు ఆయన ఆపే ఆ ఒక్క క్షణం, క్లబ్‌లో ఉన్న వాళ్లందరి మోకాళ్లూ ఒకేసారి వంగేలా ఉంటుంది.

గొంతు లేకుండా మనిషి తెలిసే రికార్డులున్నాయన్నాను. ఫోర్ టెట్ ‘త్రీ’, మార్చి 15. కీరన్ హెబ్డెన్ ఒక్కడే చేసుకుని తన సొంత మ్యూజిక్ లేబుల్ ‘టెక్స్ట్’ మీదే వదిలాడు. వాళ్లమ్మది దక్షిణాఫ్రికాలో స్థిరపడిన భారతీయ కుటుంబం. 2015లో ‘మార్నింగ్/ఈవెనింగ్’లో ఇరవై నిమిషాల పాటలో లతా మంగేష్కర్ గొంతుని బీటు మీద తేల్చింది ఈయనే. గత ఏడాది న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో స్క్రిల్లెక్స్, ఫ్రెడ్ అగైన్ అనే డీజేలతో కలిసి అంత పెద్ద హాలు నింపిన మనిషి, ఈ ఏడాది ఎనిమిది ట్రాక్‌ల నెమ్మది ఆల్బమ్‌తో వచ్చాడు. మొదటి ట్రాక్ ‘లవ్డ్’ డ్రమ్స్ వింటే తొందరేం లేదు కూర్చోండి అన్నట్టుంటుంది. ‘డేడ్రీమ్ రిపీట్’లో కిందంతా క్లబ్ బీటు దడదడలాడుతుంటే పైన హార్ప్ తన పాటికి తను రాలుతుంటుంది. నైట్ షిఫ్ట్ అయ్యి క్యాబ్‌లో వచ్చేటప్పుడు ఈ ఏడాది నేను ఎక్కువసార్లు వేసుకున్నది ఇదే. ‘బ్రాట్’ కాదు. డ్రైవర్ కూడా మొహం చిట్లించడు.

ఫ్లోటింగ్ పాయింట్స్ ‘క్యాస్కేడ్’, సెప్టెంబర్ 13. శామ్ షెపర్డ్ కూడా డాక్టరేటే, లండన్ యూసీఎల్‌లో న్యూరోసైన్స్. (ఈ రంగంలో డిగ్రీలు అడుగుతారేమో నాకు తెలీదు.) 2021లో శాక్సఫోన్ విద్వాంసుడు ఫారో శాండర్స్‌తో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో ‘ప్రామిసెస్’ చేసి, ఈ జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బాలేకి సంగీతమిచ్చి, ఇప్పుడు మళ్లీ డాన్స్ ఫ్లోర్‌కి తిరిగొచ్చాడు. ‘బర్త్4000’ బేస్ చూస్తే డెబ్భైల చివరి డిస్కో గుర్తొస్తుంది, అయితే ఎవరో తీగలు పీకేసి నిప్పులు రేపినట్టు. సింథ్ గుండీలు తిప్పుతున్న వేళ్లు నాకు తెలిసిపోతాయి. ఒకసారి తిప్పిన తిప్పు మళ్లీ అదే వేగంతో తిరగదు, కంప్యూటర్‌లో గీత గీసి పెట్టింది కాదని పట్టేయొచ్చు. కాకపోతే మొత్తం ఒకే బిగిన వింటే చెవులు అలిసిపోతాయి. సగంలో ఆపి టీ తాగండి.

జేమీ ఎక్స్‌ఎక్స్ మీద నాకు కొంచెం కోపం. 2015లో ‘ఇన్ కలర్’ తర్వాత తొమ్మిదేళ్లు కూర్చోబెట్టి ఈ సెప్టెంబర్ 20న ‘ఇన్ వేవ్స్’ ఇచ్చాడు. బాగుంది. బాగుంది అనడంలోనే నా బాధ ఉంది. ‘ట్రీట్ ఈచ్ అదర్ రైట్’లో పాత సోల్ పాట ముక్కల్ని పట్టుకుని ఆడించిన తీరు, రాబిన్ పాడిన ‘లైఫ్’ లో బాకాల హడావుడి, ‘వెయిటెడ్ ఆల్ నైట్’లో పాత బ్యాండు స్నేహితులు రోమీ, ఒలివర్ సిమ్ మళ్లీ పక్కన చేరడం, ఇవన్నీ మనసుకి పట్టాయి. కానీ మధ్యమధ్యలో ఊపిరి పీల్చండి, వదలండి, ఈ విశ్వంలో మనం ఎంత చిన్నవాళ్లం అని మాటలు వస్తుంటాయి. డాన్స్ చేద్దామని వచ్చినవాళ్లని ఆపి యోగా క్లాసులో కూర్చోబెడితే ఎలా? ఆ మాట బీటు చెప్పాలి. ‘ఇన్ కలర్’లో బీటే చెప్పింది.

మాగ్డలీనా బే ‘ఇమాజినల్ డిస్క్’ ఈ ఏడాది నాకు దొరికిన అనుకోని బహుమతి. ఆగస్టు 23న వచ్చింది. మికా టెనెన్‌బామ్, మాథ్యూ లూయిన్ అని ఇద్దరే. కవర్ మీద మికా నుదుట్లోకి ఎవరిదో చేయి ఒక డిస్క్ తోస్తుంటుంది. ట్రూ అనే ఒక పాత్ర, ఆమె తలలో పెట్టే కొత్త మనసు, ఆ మనసు ఒప్పుకోకపోవడం, ఇదీ కథ. కథ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ‘డెత్ అండ్ రొమాన్స్’లో పియానో దంచుడు, దాని వెనకాల నిజం డ్రమ్స్ ఉన్నాయనిపించే బరువు, ‘ఇమేజ్’లో నడుం ఊపించే బేస్, ‘టన్నెల్ విజన్’ చివర్లో పాట పట్టాలు తప్పి రాళ్ల మీద పరిగెత్తే తీరు. మికా గొంతు బొమ్మ గొంతులా తీపిగా ఉంటుంది, మొదట నాకూ చిరాకేసింది. నాలుగో పాట వచ్చేసరికి, ఆ తీపి వెనక భయపడుతున్న మనిషి ఉందని తెలిసింది. ఆమె పాత్రకి అలాంటి గొంతే కావాలి. ఏ మిక్సింగ్ ఇంజినీరైనా చెవులు రిక్కించి వినాల్సిన రికార్డు. ఇన్ని వాద్యాలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఎలా సర్దారో నేను ఇంకా కనిపెడుతూనే ఉన్నాను.

నియా ఆర్కైవ్స్ ‘సైలెన్స్ ఈజ్ లౌడ్’ ఏప్రిల్ 12న వచ్చింది. తొంభైల ఇంగ్లండ్ క్లబ్బుల్లో ‘జంగిల్’ అని పిలిచిన సంగీతపు వేగమైన డ్రమ్స్, కొత్తవాళ్లకి మొదట గుండె దడలా ఉంటుంది. వాటి మీద గిటార్ బ్యాండు పాటలు పాడినట్టు పాడుతుంది. ‘క్రౌడెడ్ రూమ్స్’ వినండి. నిండు గదిలో ఒంటరిగా ఉండటం గురించి ఇంత వేగంగా పాడొచ్చని నేను అనుకోలేదు. ఆల్బమ్ రెండో సగంలో డ్రమ్స్ ఒకేలా అనిపిస్తాయి, దాచను.

చప్పబడ్డవి రెండు. ఫ్రెంచి జోడీ జస్టిస్, ఎనిమిదేళ్ల తర్వాత ఏప్రిల్ 26న ‘హైపర్‌డ్రామా’. టేమ్ ఇంపాలా (ఆస్ట్రేలియా సంగీతకారుడు కెవిన్ పార్కర్ పెట్టుకున్న పేరు) పాడిన ‘నెవరెండర్’ ఎవరి పార్టీలో వేసినా లేచి నిలబడతారు. మిగతాది షోరూమ్‌లో పెట్టిన కారులా మెరుస్తుంది, ఎవరూ నడపట్లేదు.

దువా లీపా ‘రాడికల్ ఆప్టిమిజమ్’, మే 3. టేమ్ ఇంపాలా కెవిన్ పార్కర్, డానీ ఎల్ హార్ల్ లాంటి ప్రొడ్యూసర్ల పేర్లు చూసి ఏదో వింత చేస్తారనుకున్నాను. ‘హుడీనీ’ తప్ప తల్లో మిగిలింది లేదు. గొంతు ఎంత శుభ్రంగా ఉందంటే నేను కోయడానికి ఏమీ మిగల్లేదు. అదే మనిషి నవంబర్ 30న ముంబైలో స్టేజీ మీద తన పాత పాట ‘లెవిటేటింగ్’ మధ్యలో ‘వో లడ్కీ జో’ అనే హిందీ పాట బీటు కలిపి వేయించింది. ఇంటర్నెట్‌లో కుర్రాళ్లు చేసిన మాషప్‌నే తెచ్చి వాడుకుంది. ఆ వీడియోలో గాలి చప్పుడుంది, జనం కేకలున్నాయి, ఆమె నవ్వు మైకులో పడింది. ఆల్బమ్ మొత్తం కంటే అదే ఎక్కువసార్లు చూశాను.